టార్చిలైటులో ఏ సెల్లు వేయాలి?

(జహీరాబాద్‌లో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టర్ ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చూడగానే కొందరు కార్యదర్శులు నగదు పుస్తకం ఎక్కడ పెట్టామా అని ఆలోచనలో పడ్డట్టున్నారు. ఈ రోజు ఆ భయం అక్కర్లేదు. ఈ రోజు నేను మాట్లాడబోయేది చాలా చిన్న వస్తువు గురించి. అది మీ ఇంట్లో టార్చిలైటులో ఉంటుంది, గోడ గడియారంలో ఉంటుంది, టీవీ రిమోట్‌లో ఉంటుంది. అదే బ్యాటరీ సెల్లు. ఇంత చిన్నదానికి ఒక ప్రసంగమా అని మీరు నవ్వవచ్చు. ముందు ఒక సంగతి చెబుతాను, విన్న తర్వాత నవ్వండి.

చాలా ఏళ్ల కిందటి మాట. మా పెద్దమ్మ మబ్బులో లేచి బర్రెను పిండడానికి కొట్టంలోకి వెళ్లింది. చేతిలో టార్చిలైటు ఉంది. కానీ దాని వెలుతురు ఆరిపోయే నిప్పుకణికలా ఉంది. ఎందుకంటే సెల్లులు అయిపోయి వారం దాటింది. కొత్తవి కొంటే డబ్బు దండగని, వాటినే మిద్దెమీద ఎండలో పెట్టి మళ్లీ వేసుకుంది. దాణా బస్తా పక్కన చుట్టుకుని ఉన్న రక్తపింజర ఆ వెలుతురుకు కనిపించలేదు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవడం వల్ల, విషానికి విరుగుడు మందు దొరకడం వల్ల బతికింది. కానీ పదిరోజులు మంచంలో ఉంది. బర్రె ఆమె చేతికి తప్ప చేపేది కాదు. ఆ ఈత పాలు అక్కడితో సగమైపోయాయి. ఆమె మిగుల్చుకున్నది రెండు సెల్లుల ధర.

అప్పటినుంచి నాకు ఒక అలవాటు వచ్చింది. ఏ ఇంటికి పోయినా టార్చిలైటు ఒకసారి వేసి చూస్తాను. పది ఇళ్లలో నాలుగైదు ఇళ్లలో అది గుడ్డిదే. మన సభ్యులు పిసినారులని నేను అనను. సెల్లుల ఖర్చు చిన్నదే అయినా మాటిమాటికీ వస్తుంది, అందుకే మనసు వెనక్కి లాగుతుంది. కాబట్టి ఆ ఖర్చు తగ్గే దారి చెబితే మీ కొట్టంలో వెలుతురు ఉంటుందని నా ఆశ. నేను హయ్యర్ డిప్లొమా ఇన్ కోఆపరేషన్ చదివినవాణ్ణి. రసాయనశాస్త్రం నా విద్య కాదు. నాకు వచ్చింది లెక్క. ఆ లెక్కే చెబుతాను.

ముందు ఎండ సంగతి చూద్దాం. సెల్లులో ఒక రసాయనిక చర్య జరిగి కరెంటు పుడుతుంది. వేడి తగిలితే ఆ చర్య కాసేపు వేగంగా జరుగుతుంది. అందుకే ఎండలో పెట్టిన సెల్లు కొన్ని నిమిషాలు వెలుగుతుంది. అది కొత్త శక్తి కాదు, అడుగున మిగిలిన నాలుగు చుక్కలు పిండుకోవడమే. పైగా వేడికి సెల్లు ఉబ్బి, కారి, టార్చిలైటునే తినేస్తుంది. ఒట్టిపోయిన బర్రెను ఎంత పిండితే మాత్రం ఏం లాభం?

ఇప్పుడు సెల్లుల రకాలు. మన అంగట్లో దొరికేవి ముఖ్యంగా మూడు. మొదటిది మామూలు సెల్లు. లోపల జింకు డబ్బా, నడుమ బొగ్గుకడ్డీ, చుట్టూ నల్లటి పొడి ఉంటాయి. 1866లో లెక్లాంషే అనే ఆయన చేసిన సెల్లు దీనికి మూలం. మా చిన్నతనంలో పాత సెల్లు పగలగొట్టి ఆ పొడిని ఆకుపసరుతో కలిపి పలకలకు, బడిలో నల్లబల్లకు పూసేవాళ్లం. ఇప్పుడు పిల్లలను అలా చేయనివ్వకండి. రెండోది ఆల్కలైన్ సెల్లు. ధర ఎక్కువ, మన్నిక కూడా ఎక్కువ. ఈ రెండూ ఒకసారి వాడి పారేసేవే. మూడోది మళ్లీ ఛార్జి చేసుకునే సెల్లు. దాన్ని నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు అంటారు. మంచి కంపెనీది అయితే, సరిగా వాడితే, వందలసార్లు ఛార్జి అవుతుంది.

మూడింటి ఆకారం ఒకటే కాబట్టి కొట్టువాడు ఏది ఇస్తే అది తెచ్చుకుంటున్నాం. కానీ చాలావాటిమీద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో గుర్తు ఉంటుంది. పెన్సిల్ సెల్లుమీద ‘ఆర్ 6’ అని ఉంటే మామూలుది. ‘ఎల్‌ఆర్ 6’ అని ఉంటే ఆల్కలైన్. ‘హెచ్‌ఆర్ 6’ అని ఉంటే ఛార్జి చేసుకునేది. పెద్ద సెల్లు అయితే 6 బదులు 20 ఉంటుంది. సన్న పెన్సిల్ సెల్లు అయితే 03 ఉంటుంది. మీ ఇంట్లో బడికి పోయే పిల్లవాణ్ణి చదివి చెప్పమనండి. వాడికీ ఒక పాఠం అవుతుంది.

ఇక లెక్క. ధరలు ఊరికీ ఊరికీ, నెలకూ నెలకూ మారతాయి. కాబట్టి నేను చెప్పేవి లెక్క కోసం అనుకున్న ధరలు. మీ అంగడి ధరలు వేసి మీరే మళ్లీ లెక్క కట్టుకోండి. మామూలు పెన్సిల్ సెల్లు 12 రూపాయలు, ఆల్కలైన్ 40, ఛార్జి సెల్లు 150, నాలుగు సెల్లులు పట్టే ఛార్జర్ 600 అనుకుందాం.

రెండు పెన్సిల్ సెల్లులు పట్టే ఎల్‌ఈడీ టార్చి ఒకటి ఉంది. రోజూ మబ్బులో, రాత్రి కలిపి అరగంట వెలుగుతుంది. మామూలు సెల్లులు అందులో ఎనిమిది రోజులు వస్తాయనుకుందాం. ఏడాదికి 46 సార్లు మార్చాలి. అంటే 92 సెల్లులు, 1,104 రూపాయలు. ఆల్కలైన్ అయితే 26 రోజులు వస్తాయి. ఏడాదికి 14 సార్లు, 28 సెల్లులు, 1,120 రూపాయలు. చూశారా, చవకదీ ఖరీదైనదీ ఏడాది చివరికి ఒక్కచోటికే వచ్చాయి. ‘పన్నెండు రూపాయలదే కదా’ అనుకుని కొన్నవాడు మిగుల్చుకున్నది ఏమీ లేదు. కొట్టుకు మాత్రం 46 సార్లు తిరిగాడు.

ఇప్పుడు ఛార్జి సెల్లు. రెండు టార్చిలో, రెండు సిద్ధంగా, మొత్తం నాలుగు కొంటే 600. ఛార్జర్ 600. మొదటి ఏడాది 1,200. మామూలు సెల్లుల కంటే 96 రూపాయలు ఎక్కువే. కానీ రెండో ఏడాది కొనేది లేదు, మూడో ఏడాది లేదు, నాలుగో ఏడాదీ లేదు. నాలుగేళ్లకు మామూలు సెల్లులకు అయ్యేది 4,416. ఆల్కలైన్‌కు 4,480. ఛార్జి సెల్లులకు అదే 1,200. కరెంటు ఖర్చు ఎంత అంటారా? నాలుగు సెల్లులను యాభైసార్లు నింపినా సుమారు ఒక యూనిట్. నా లెక్కలో సగం తప్పు పోయినా లాభం మీదే. ఆ తేడా ఎన్ని లీటర్ల పాల డబ్బో మీ పాసుబుక్కు తీసి చూసుకోండి.

అయితే ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంది. ఒక సంఘంలో తనిఖీకి వెళ్లాను. కార్యదర్శి ఉత్సాహవంతుడు. ఛార్జి సెల్లులు మంచివని ఎవరో చెబితే ఆఫీసు గోడ గడియారంలో కూడా అదే వేశాడు. నేను వోచరు చూసి అడిగాను: “ఈ గడియారంలో మామూలు సెల్లు ఎన్నాళ్లు వచ్చేది?” “ఏడాది పైనే వచ్చేది సార్.” “అయితే 12 రూపాయల పనికి 150 పెట్టావు. ఈ డబ్బు తిరిగి రావడానికి పన్నెండేళ్లు దాటాలి. ఆ సెల్లు అన్నేళ్లు ఉంటుందా, మనం ఉంటామా?” అన్నాను. పాపం, తల గోక్కున్నాడు. తప్పు సెల్లుది కాదు, దాన్ని పెట్టిన చోటుది.

ఈ రెండు లెక్కల సారం ఒక్కటే. సెల్లు ధర అట్టమీద ఉండదు, మీరు దాన్ని ఎన్నిరోజులకు ఖాళీ చేస్తారన్నదాంట్లో ఉంటుంది. కాబట్టి ఒక సులువైన సూత్రం పెట్టుకోండి. నెలలోపే సెల్లులు మార్చవలసి వస్తే ఛార్జి సెల్లు కొనండి. కొట్టానికి పోయే టార్చి, పిల్లల బొమ్మలు ఈ కోవలోకి వస్తాయి. ఆరునెలలు, ఏడాది వచ్చేచోట మామూలు సెల్లే చాలు. గడియారం, రిమోట్ ఇందులోకి వస్తాయి. ఎప్పుడో ఒకసారి అవసరపడే టార్చికి, అంటే తుఫాను రాత్రికో, బర్రె ఈనే రాత్రికో దాచుకునేదానికి, ఆల్కలైన్ మేలు. అది వాడకుండా ఉంచినా కొన్నేళ్లు శక్తి పోదు. అయితే దాన్ని టార్చిలో వేసి మరిచిపోకండి, కారే ప్రమాదం ఉంది. టార్చి పక్కనే విడిగా ఉంచండి.

రేడియో సంగతి ఒకరు అడిగారు. మన పస్తాపూర్‌కు దగ్గర్లోని మాచనూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. ఊరి ఆడవాళ్లే నడిపే రేడియో. అది వినడానికి రోజూ రెండు గంటలు సెట్టు పెట్టే ఇంట్లో పెన్సిల్ సెల్లులు రెండు మూడు వారాలకే అయిపోతాయి. వాళ్లకు ఛార్జి సెల్లే లాభం. పెద్ద సెల్లులు పట్టే పాత సెట్టు అయితే మామూలు సెల్లులే నెలల తరబడి వస్తాయి. వాటిని మార్చనక్కర్లేదు.

ఇప్పుడు నేను ఈ సమావేశానికి రావడానికి అసలు కారణం. ఛార్జి సెల్లులకు అడ్డుపడేది సెల్లు ధర కాదు, ఛార్జర్ ధర. ఒక్క ఇంటికి 600 రూపాయలు బరువు. ఇరవైమందికి అది తలకు 30 రూపాయలు. సహకారం అంటే ఇదే కదా! ఒకరికి బరువైనదాన్ని పదిమంది మోయడం.

నా సూచన ఇది. సంఘం ఒక మంచి ఛార్జర్ కొని పాల కేంద్రంలో పెట్టాలి. సభ్యుడు పొద్దున పాలు పోయడానికి వచ్చేటప్పుడు ఖాళీ సెల్లులు తెచ్చి ఇస్తాడు, సాయంత్రం పాలు పోయడానికి వచ్చినప్పుడు నిండినవి తీసుకుపోతాడు. పొద్దటి పూటకూ సాయంత్రం పూటకూ నడుమ పది గంటల దాకా ఉంటుంది. మామూలు ఛార్జర్‌కు ఆ సమయం సరిపోతుంది. పగలు టార్చితో పని లేదు కాబట్టి ఆ సభ్యుడికి రెండు సెల్లులు చాలు, నాలుగు అక్కర్లేదు. అప్పుడు అతని ఖర్చు సెల్లులకు 300, ఛార్జర్ వాటా 30. మొత్తం 330 రూపాయలు. నాలుగేళ్లకు 4,416 ఎక్కడ, 330 ఎక్కడ!

ఒక్క ఛార్జర్ ఇరవై ఇళ్లకు సరిపోతుందా అని అధ్యక్షులవారు అడిగారు. మంచి ప్రశ్న. నాలుగు గడులు, అంటే ఒక పూటకు ఇద్దరు సభ్యులవి. పగటిపూట మాత్రమే పెట్టినా ఇరవైమందివి పదిరోజుల్లో పూర్తవుతాయి. ఒక్కొక్కరికి అవసరపడేది 26 రోజులకు ఒకసారి. కాబట్టి ఛార్జర్ సగం రోజులు ఖాళీగానే ఉంటుంది.

అయితే సంఘం సొమ్ముతో కొనేది ఏదైనా పద్ధతి ప్రకారం కొనాలి. పాలకవర్గ తీర్మానం ఉండాలి. బిల్లు ఉండాలి. ఛార్జర్‌ను డెడ్‌స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి. సభ్యులు సెల్లులమీద తమ సభ్యత్వ నంబరు చెరగని సిరాతో రాసుకోవాలి. ఒక నోటుపుస్తకంలో ఇచ్చినది, పుచ్చుకున్నది రాయాలి. లేకపోతే ‘నా కొత్త సెల్లు పోయి పాతది వచ్చింది’ అనే తగాదాతో పాల కేంద్రం పంచాయతీ అవుతుంది. ఇది వెన్నశాతం తగాదా కంటే చిన్నది కాదు, నా మాట నమ్మండి.

కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. ఒకసారి నేనే మోసపోయాను. జాతరలో ఒక బండిమీద ఛార్జి సెల్లులు కనిపించాయి. మీద చాలా పెద్ద అంకె అచ్చువేసి ఉంది, ధర సగమే. నెల తిరక్కుండానే అవి మూలపడ్డాయి. తర్వాత తెలుసుకున్నాను. పెన్సిల్ సైజు ఛార్జి సెల్లులో పట్టే శక్తి 2,000 మిల్లీ ఆంపియర్ గంటలు అంటే మంచిదే, 2,700 అంటే చాలా ఎక్కువ. దానిమీద 4,000, 5,000 అని రాసి ఉంటే అది అబద్ధం. రెండు లీటర్ల క్యానులో అయిదు లీటర్లు ఎలా పడతాయి? బిల్లు ఇచ్చే కొట్టులో, పేరున్న కంపెనీది కొనండి. దాచినా శక్తి తొందరగా పోని రకం అడగండి. మన ఎండల్లో పాతరకం ఛార్జి సెల్లు ఊరికే ఉంచినా కొద్ది వారాల్లో చాలా భాగం దిగిపోతుంది.

ఇంకొకటి. ఛార్జి సెల్లు వోల్టేజి 1.2. మామూలు సెల్లుది 1.5. చాలా టార్చిలు దీనితో బాగానే వెలుగుతాయి, కొన్ని వస్తువులు పనిచేయవు. రెండు సెల్లులు అరువు తెచ్చి వేసి చూసి తర్వాత కొనండి. ఛార్జి సెల్లుకు ఇంకో గుణం ఉంది. చివరిదాకా ఒకే వెలుతురు ఇచ్చి, ఉన్నట్టుండి ఆరిపోతుంది. మామూలు సెల్లులా మెల్లగా మసకబారి ముందే చెప్పదు. కాబట్టి ఆరిపోయేదాకా ఆగకుండా ఒక తేదీ పెట్టుకుని ఛార్జికి ఇవ్వండి. పాల బిల్లు చేతికి వచ్చే రోజు అయితే గుర్తుంటుంది.

లోపలే బ్యాటరీ ఉండి, నేరుగా ప్లగ్గులో పెట్టే టార్చిలైట్లు ఇప్పుడు ఎక్కువగా వస్తున్నాయి. వాటి సంగతేమిటని అక్కలు అడుగుతున్నారు. అవి మంచివే. కానీ కొనేముందు కొట్టువాణ్ణి ఒక్క మాట అడగండి: “లోపలి బ్యాటరీ పోతే మార్చవచ్చా?” మార్చలేనిది అయితే బ్యాటరీ పోయిన రోజే టార్చి మొత్తం పోయినట్టు. వాటిలో సీసపు బ్యాటరీ ఉంటే పూర్తిగా ఖాళీ చేసి వారాల తరబడి వదిలేయకండి, మళ్లీ ఛార్జి ఎక్కదు. పాల కేంద్రంలో తూకం యంత్రానికి, పరీక్ష యంత్రానికి ఉండే బ్యాటరీకి కూడా ఇదే మాట. బ్యాటరీ తక్కువైందని గుర్తు చూపిస్తున్న తూకాన్ని నమ్మి పాలు పోయించుకోవద్దని కార్యదర్శులకు నా విజ్ఞప్తి.

వాడకంలో నాలుగు ముక్కలు గుర్తుపెట్టుకోండి. కొత్త సెల్లూ పాత సెల్లూ కలిపి వేయకండి, పాతది కొత్తదాన్ని కూడా చెడగొడుతుంది. మామూలు సెల్లును, ఆల్కలైన్ సెల్లును ఎన్నడూ ఛార్జర్‌లో పెట్టకండి, కారవచ్చు, పేలవచ్చు. గడియారంలో, రిమోట్‌లో సెల్లు ఇంకా నడుస్తున్నా ఏడాదికి ఒకసారి, ఉగాదికి మార్చండి. కారి వస్తువును పాడు చేయకముందే అది బయటికి రావాలి. చివరిది అన్నిటికంటే ముఖ్యం. బిళ్లలాంటి చిన్న సెల్లులు బొమ్మల్లో, చేతిగడియారాల్లో ఉంటాయి. పసిపిల్ల మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిపోతుంది. అనుమానం వస్తే చాలు, నొప్పి కోసం ఎదురుచూడకుండా ఆస్పత్రికి పరుగెత్తండి.

పాత సెల్లులు ఏం చేయాలి? పెంటకుప్పలో వేయకండి. ఆ ఎరువు రేపు మీ చేనుకే పోతుంది. ముఖ్యంగా పాడైన సీసపు బ్యాటరీలు కొట్టం దగ్గర, మేత దగ్గర పడేయకండి. పశువులు వాటిని నాకుతాయి. సీసం విషంతో పశువు గుడ్డిదై, వణికి, చచ్చిపోతుంది. బతికిన పశువు పాలలోకి కూడా ఆ సీసం వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే. కేంద్ర ప్రభుత్వం 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాలకు నిబంధనలు తెచ్చింది. వాడిన బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే అని అందులో ఉంది. పాల కేంద్రంలో మూతగల ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టండి. సభ్యులు అందులో వేస్తారు. పట్టణానికి పోయేటప్పుడు సేకరణ కేంద్రంలోనో, బ్యాటరీలు అమ్మే డీలరు దగ్గరో అప్పగించండి.

సోదర సోదరీమణులారా! లీటరుకు అర్ధరూపాయి తేడా వస్తే మీరు నిలదీసి అడుగుతారు. అడగాలి కూడా. అదే పట్టుదలతో ఇంట్లో కారిపోతున్న చిన్న ఖర్చును కూడా అడగండి. కానీ దాన్ని ఆపడమంటే గుడ్డి టార్చితో కొట్టంలోకి పోవడం కాదు. పొదుపు వేరు, ప్రాణంమీదికి తెచ్చుకోవడం వేరు. మా పెద్దమ్మ బతికున్నన్నాళ్లూ కొట్టం తలుపు దగ్గర మేకుకు మంచి టార్చి ఒకటి వేలాడుతూ ఉండేది. ముందు దాన్ని వేసి చూసి, తర్వాతే అడుగు లోపల పెట్టేది.

ఈ రాత్రి ఇంటికి పోగానే మీ టార్చి ఒకసారి వేసి చూడండి. వెలుతురు గోడమీద తెల్లగా పడితే సరే. మసకగా పడితే, రేపు పొద్దున పాలు పోయడానికి వచ్చినప్పుడు మీ కార్యదర్శిని ఛార్జర్ సంగతి అడగండి. తీర్మానం రాయడంలో సందేహం వస్తే నన్ను పిలవండి, వచ్చి రాయిస్తాను.